నర్సమ్మ రాసిన చీటీ

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, చోడవరంలోని ఒక చిన్న ఆసుపత్రి గదిలో పది రోజులున్నాను. ఆరు మంచాలు, మంచానికో జ్వరం చార్టు, కిటికీలో నీళ్ల కూజా, నలుగురు రోగులు, అందరికీ కలిపి ఒక్క నర్సమ్మ. మూడో మంచం మీద మా చిన్నాన్న. పక్కన నేల మీద మా మామ్మ, నేను. మా నాన్న చెరుకు నరికించే పనిలో ఉండి సాయంత్రాలు వచ్చేవాడు.

చిన్నాన్నకు టైఫాయిడ్. మూడో వారం. జ్వరం దిగుతోంది.

నర్సమ్మ నాలుగు గంటలకోసారి జ్వరం, నాడి చూసి రాసేది. నోరు తుడిచేది. వీపు పుండు పడకుండా పక్కకు తిప్పేది. పాలు, బార్లీ నీళ్లు ఔన్సుల్లో కొలిచి పోసి, పోసినంతా రాసేది. అన్నం మాత్రం వద్దంది. పేగులో పుళ్లున్నాయని, గట్టిది తగిలితే చిల్లు పడుతుందని మామ్మకు రెండుసార్లు విడమరిచి చెప్పింది. మామ్మ తలూపేది. జ్వరం దిగిన మనిషికి పథ్యమని చారన్నం పెట్టకపోవడం ఆవిడ ఎన్నడూ ఎరగదు. చిన్నాన్నేమో అన్నం అన్నం అని ఏడ్చేవాడు.

“కడుపు మాడ్చి సంపేస్తన్నారు గుంటడ్ని” అని మామ్మ నాతో గొణిగేది.

ఒక మధ్యాహ్నం నర్సమ్మ పక్క గదిలో ఎవరికో కట్టు కడుతుండగా మామ్మ నన్ను గుమ్మంలో కాపలా పెట్టి, చెంగు చాటున తెచ్చిన చారన్నం నాలుగు ముద్దలు కలిపి చిన్నాన్నకు పెట్టింది. తర్వాత నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది.

“ఎవులికైనా సెప్పేవంటే నా మీదొట్టు.”

మూడు దాటాక చిన్నాన్న కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. నర్సమ్మ పొట్ట తడిమింది. చెక్కలా ఉంది. జ్వరం ఒక్కసారిగా పడిపోయింది, నాడి పరిగెడుతోంది. డాక్టరుగారు పక్క ఊరు చీడికాడ వెళ్లారు. విశాఖపట్నం పంపాలా, ఆయన వచ్చేదాకా ఆగాలా అన్నది ఆవిడే తేల్చుకోవాలి. ఏమైనా పెట్టారా అని మామ్మను అడిగింది. ఏటీ పెట్టలేదంది మామ్మ. నన్ను అడిగింది. నేను నేలచూపులు చూశాను. పది నిమిషాలకోసారి నాడి చూస్తూ మళ్లీ అడిగింది. చివరికి నన్ను వరండాలోకి తీసుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది.

“ఎవరు పెట్టారో నాకక్కర్లేదు బాబూ. ఎప్పుడు, ఎంత. ఆ రెండే చెప్పు.”

“సెప్తే మామ్మ సచ్చిపోద్దండి.”

“మామ్మకేం కాదు. అది నా పూచీ.”

చెప్పాను. ఆవిడ ఇక ఆగలేదు. నాన్నకు కబురంపి, కారు మాట్లాడించి, పెద్దాసుపత్రికి చీటీ రాసి నాన్నకు చదివి వినిపించింది. “అన్నం నాలుగు ముద్దలు, మధ్యాహ్నం పన్నెండున్నర, నేను వార్డులో లేని సమయంలో.” కింద తన సంతకం. మామ్మ పేరు లేదు. మామ్మ గోడకానుకుని ఆ చీటీ మొత్తం విన్నది.

విశాఖలో ఆపరేషన్ చేశారు. మూడో రోజు చిన్నాన్న పోయాడు. మామ్మ ఇంకా పదకొండేళ్లు బతికింది. మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత నేను యంత్రాల పనిలో చేరాను. ఏది చెడినా ఎవరు చెడగొట్టారని అడగను. ఎప్పుడు, ఎంత అని అడుగుతాను. నా వల్ల జరిగినదాన్ని ముందు రాస్తాను. ఆ అలవాటు ఆ వరండాలో వచ్చింది.

ఆ చీటీలో ఇంకో వరుస ఉంది. నొప్పి మొదలు, మూడూ ఇరవై. అన్నం సంగతి తెలిసినది, నాలుగు. మధ్యలో నలభై నిమిషాలు నావి.