చీకట్లో వేరే సమాధికి పెట్టిన కొవ్వొత్తి

మా చిన్నప్పుడు... ఈస్టర్ నాడు తెల్లారకముందే అవ్వ, అంటే మా అమ్మ, మమ్మల్ని లేపేది. బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్ల నుంచి కందిలి పట్టుకొని సమాధుల దగ్గరికి నడిచేవాళ్ళం. ముందురోజే వాటికి సున్నం వేసి ఉంచేవారు.

ఒక ఏడు అవ్వ తమ్ముడి సమాధికని బయల్దేరింది. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు, మా మామ, బొగ్గుబాయిలో కప్పు కూలి చనిపోయాడు. మళ్ళీ లేస్తాడా, లేవడా... ఆమెకు కావాల్సింది ఆ ఒక్క మాటే.

బాపు, మా నాన్న, పుట్టుకతో క్రైస్తవుడే గానీ, ప్రతిదానికీ ఆరా తీసే మనిషి. అవ్వ కోసమే వెంట వచ్చాడు.

అవ్వ కొవ్వొత్తి వెలిగించి కరువుతీరా ఏడ్చింది. తెల్లారి వెలుగు వచ్చాక చూస్తే... అది మామ సమాధి కాదు! పక్క వరసలో ఎవరిదో. బాయి మనుషుల సమాధులన్నీ ఒక్క తీరే మరి, అదే సున్నం, అదే చెక్క సిలువ.

బాపు నవ్వు ఆపుకోలేకపోయాడు. "సూసినవా... ఏసుప్రభు సమాధి కాడికి పోయిన ఆడోళ్ళు గూడ గిట్లనే చీకట్ల వేరేదాని కాడికి పోయిండొచ్చు. ఖాళీగ ఉంటే లేచిండనుకున్నరు."

"తెల్లారినంక మనకు అసలుది దొరకలేదా?" అంది అవ్వ. " వాళ్ళకు గూడ దొరుకుతుండె."

"అయితే శిష్యులు శవాన్ని ఎత్తుకపోయిండొచ్చు."

"ఎత్తుకపోయినోళ్ళు గా అబద్ధం కోసం పాణాలు ఇడుస్తరా?"

బాపు కాస్త తగ్గాడు. నవ్వు పోయి నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "మరి... దుఃఖంల వాళ్ళ కండ్లకు అట్ల కనవడ్డదేమో?"

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకొని చెప్పింది.

"నా తమ్ముడు నాకు కనవడ్డడు. మొన్న పొద్దుగూకంగ దర్వాజల నిలవడ్డడు, చేతిల బాయి దీపం తోని. లేచిండని నేను ఎవలకన్న చెప్పిననా? సచ్చిపోయిండని ఇంకింత ఏడ్సిన. కనవడుడు వేరే, లేసుడు వేరే. గా తేడా వాళ్ళకు తెల్వదా?"

"నాకు తెల్వది" అన్నాడు బాపు. ఓడిపోయినట్టూ కాదు, నమ్మినట్టూ కాదు. ఆయన నోట ఆ మాట వినడం మాకు అదే మొదలు.

ఆయన కొవ్వొత్తిని తీసి మామ సమాధి దగ్గర పెట్టబోతే అవ్వ ఆపింది. "ఉండనియ్... గాయిన గూడ ఎవలకో తమ్ముడే." బాపు దాంతోనే ఇంకొకటి వెలిగించి, గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ మామ దగ్గరికి తీసుకుపోయాడు.

ఇప్పుడు అవ్వా బాపూ ఇద్దరూ ఆ సమాధుల్లోనే ఉన్నారు. పేర్లు చెక్కిన రాళ్ళు, కరెంటు లైట్లు... దారి తప్పే పనే లేదు. నమ్మేవాళ్ళది ఒక వాట్సాప్ గ్రూపు, నమ్మనివాళ్ళది ఇంకొకటి, కలిసి వాదించుకోరు. ఒకే సమాధి దగ్గర నిలబడి వాదించుకునే జంట మీ ఇంట్లోనూ ఉండేదా... చెప్పండి, వింటాను.

పోయాక అవ్వకు తమ్ముడు మళ్ళీ కనిపించాడో లేదో, నాకూ తెల్వది. కనిపిస్తే బాగుండు... పక్కనే నిలబడి బాపు ఆరా తీస్తుంటే ఇంకా బాగుండు.