సున్న దగ్గర పట్టుబడ్డ కంప్యూటరు

మా అమ్మకు మూడో తరగతితో బడి ఆగిపోయింది. "దీని తలకు చదువెక్కదు" అని తాత ఒక్క మాటతో తేల్చేశాడట. అరవై దాటినా ఆ మాట అమ్మను వదల్లేదు. బస్సు బోర్డులు చదువుతుంది, పేపర్లో పెద్దక్షరాలు చదువుతుంది, రాయమంటే మాత్రం "నాకు చదువు రాదు బిడ్డా" అని చేతులు కొంగులో దాచుకుంటుంది. అది వింటే నాకు ఒళ్లు మండేది.

కిందటి ఎండాకాలం తనే అడిగింది. కాప్రాలో ఉండే మా పిన్ని పొద్దున లేస్తే చాలు, ఫ్యామిలీ గ్రూపులో తెలుగులో మెసేజీలు పెడుతుంది. అమ్మ వాయిస్ మెసేజ్ పంపితే వినే తీరిక ఎవరికీ ఉండదు. "నా మాట నేనే రాస్త. జెర నేర్పియ్యి" అంది. అమ్మ నోట అలాంటి మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అప్పుడు నేను ఆఫీసు వాళ్ల పోరు పడలేక ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. నేర్చుకున్నది ఇన్నాళ్లకు పనికొస్తుంది కదా అని ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. రాసింది చిన్న ప్రోగ్రామే. తెరమీద ఒక మాట చూపిస్తుంది. ఎంటర్ కొడితే అది మాయమవుతుంది. గుర్తుపెట్టుకుని టైప్ చేయాలి. సరిగ్గా కొడితే 'ఒప్పు', లేకపోతే 'తప్పు'. చూపించాల్సిన మాటలన్నీ ఇంకో ఫైల్లో పెట్టాను.

రన్ కొట్టగానే ఎర్రక్షరాలు. మాటల ఫైల్ కనబడటం లేదట. నా కళ్లెదురుగా ఉన్నది దానికి కనబడకపోవడమేంటి! అది వేరే ఫోల్డర్లో వెతుకుతోందని నాకు తెలిసేసరికి మేముండే కార్ఖానా బస్తీ అంతా నిద్రలేచి దుకాణాలు తెరిచేసింది. ఫోల్డర్ మార్చాను. ఈసారి తెలుగు అక్షరాల బదులు పిచ్చిపిచ్చి గుర్తులు వచ్చాయి. తెలుగు అక్షరాలు చదవాలంటే ఫైల్ తెరిచే లైన్లో యూటీఎఫ్-8 అని చెప్పాలట. చెప్పాను. అయినా అవే గుర్తులు. ప్రోగ్రాం రాసే ఎడిటర్‌ను, దాన్ని కనిపెట్టినవాణ్ణి, వాడి ఏడు తరాలను తిట్టిపోశాక చూద్దును కదా, ఫైల్ పేరు పక్కన తెల్లచుక్క. నేను మార్చింది సేవ్ చేయనేలేదు. సేవ్ చేసి రన్ కొడితే 'అమ్మ' అని ముత్యంలా వచ్చింది. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

"ఏందీ, పిచ్చి లేసిందా?" అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చింది. పట్టుకుని కూర్చోబెట్టాను.

తెరమీద తెలుగు కీబోర్డు పెట్టి, మౌస్‌తో ఒక్కో అక్షరం నొక్కమన్నాను. 'అమ్మ' కొట్టింది, ఒప్పు. 'పాలు' ఒప్పు. 'చీర' ఒప్పు. ముఖం వెలిగిపోయింది. తర్వాత 'మంచం' వచ్చింది. తప్పు. 'గంప' తప్పు. 'అన్నం' తప్పు.

"అన్నం సుత రాయొస్తలేదు సూడు నాకు. మీ తాత అప్పుడే చెప్పిండు. నువ్వు పరేషాన్ గాకు బిడ్డా, బంద్ చెయ్యి" అంటూ లేచింది. కోపంగా అన్నా బాగుండేది. ముందే తెలిసిన సంగతిలా చల్లగా అంది. ఇప్పుడు లేచిందంటే ఈ కుర్చీలో జన్మలో కూర్చోదని నాకు భయం పట్టుకుంది.

తెర చూశాను. అమ్మ కొట్టిన 'అన్నం' పొల్లుపోకుండా ఉంది.

"ఆగమ్మా, నువ్వు కరెక్టే కొట్టినవ్."

"మరి గది తప్పంటుంది గదా. కంప్యూటర్‌కు తెల్వదా?"

అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, తప్పని వచ్చిన మాటలన్నీ మళ్లీ చూశాను. అన్నిట్లోనూ సున్న ఉంది! సున్న లేని మాట ఒక్కటీ తప్పు కాలేదు. కంప్యూటర్ లోపల ప్రతి అక్షరానికీ ఒక నంబరుంటుంది. నా ఫైల్లోని సున్న నంబరు, అమ్మ కొట్టిన సున్న నంబరు చూపించమని రెండు లైన్లు రాశాను. నాది 3074. అమ్మది 3174.

"అమ్మా, సున్న ఎక్కడ నొక్కుతున్నవ్?"

పైన తెలుగు అంకెల వరుసలో గుండ్రంగా ఉన్నదాన్ని చూపించింది. అక్షరాల్లో ఉండాల్సిన సున్నకు ఆ కీబోర్డులో పక్కనే చుక్కల వలయం ఒకటి తగిలించి ఉంది. "గది సున్న లెక్క లేదు. గిదే మంచిగ గుండ్రంగున్నది" అంది. నిజమే కదా! లెక్కల్లో సున్న, రాతలో సున్న, మనకు రెండూ సున్నే. చూపుకూ ఒకటే, పిలుపుకూ ఒకటే. విడదీసింది కంప్యూటరు.

అది కాదమ్మా, ఇది నొక్కు అని చెబితే సరిపోయేది. కానీ చెప్పబుద్ధి కాలేదు. తప్పు నీదేనని ఇంకోసారి అన్నట్టవుతుంది. అందుకే ప్రోగ్రామునే దిద్దాను. లెక్కల సున్న కనబడితే దాన్ని రాత సున్నగా మార్చి, ఆ తర్వాతే పోల్చమని ఒక్క లైను. "నువ్వు కాదు, అదే తప్పింది. దిద్దిన. మళ్లీ కొట్టు" అన్నాను.

అమ్మ నమ్మకం లేకుండానే కూర్చుంది. 'మంచం' ఒప్పు. 'గంప' ఒప్పు. 'అన్నం' కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి కాసేపు ఆగింది. ఒప్పు! నేను అరిచిన అరుపుకు పక్క ఫ్లాటు కుక్క మొరిగింది. అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

తర్వాత 'ఇల్లు' వచ్చి మాయమైంది. అమ్మ వెతుక్కుంటూ ఎంతోసేపు ఏదో కొడుతోంది. ఇల్లుకు ఇంతసేపేంటని వంగి చూశాను. 'నాకు చదువు వచ్చు' అని ఉంది. ఎంటర్ కొట్టింది.

తప్పు, అంది కంప్యూటరు.

నేను చటుక్కున అమ్మ వైపు తిరిగాను. అమ్మ మాత్రం నవ్వింది.

"గది దానికి తెల్వదు బిడ్డా" అంది.