శనిగ్రహం కజ్జికాయ

ముప్పై ఏళ్లు బడిలో గ్రహాల పాఠం చెప్పాను కానీ నాకే గ్రహింపు తక్కువ. లేకపోతే ఆ ఫోటో చూసి అంత మాట అనేవాణ్ణి కాదు.

పంపింది సూళ్లూరుపేటలో మిఠాయి అంగడి నడిపే మా బామ్మర్ది. రాకెట్ లేచినప్పుడల్లా తన సీసాలు అదురుతాయి కాబట్టి అంతరిక్షం తన పక్కవీధే అని వాడి నమ్మకం. ఫోటోలో నడుమ ఒక ఉబ్బు, చుట్టూ పల్చగా నొక్కినట్టు అంచు. కింద "శనిగ్రహం చందమామ, బావా" అని రాశాడు.

చందమామలన్నీ బంతిలా గుండ్రంగానే ఉంటాయనే ధీమాతో కుటుంబం గ్రూపులో, అందరి ముందూ పందెం కాశాను: "ఇది నీ అంగట్లో వేగని కజ్జికాయ. కాదని తేలితే వచ్చి ఒకరోజంతా నీకు కజ్జికాయలు నొక్కిపెడతా."

మా ఆవిడ వెతికి చూపించింది. నిజంగానే అది శని వలయాల మధ్య సందులో తిరిగే బుల్లి చందమామ. ఆ వలయాల దుమ్మే నడుముకు అంటుకుని అంచు కట్టిందట.

"మా తమ్ముడే గెలిచినాడు. పాత చొక్కా వేసుకోని పో," అంది.

శనివారం పోయాను. వాడు కావాలనే ఆ ఫోటోలోలా గుండ్రటి కజ్జికాయలు పెట్టించాడు. నేను అంచులు నొక్కుతూ కూర్చుంటే వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించాడు.

"మా బావ. సైన్సు అయ్యవారు. సందమామను పట్టుకోని కజ్జికాయ అనేసినాడు!"

అంగడంతా నవ్వు. నేనూ నవ్వాను. చేతులకు పిండి, ముఖానికి గ్రహణం.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ రెండు కేజీలు కట్టించుకుంటూ నన్ను అడిగింది. "ఏందప్పా, ఇవి గుండ్రంగా ఉండాయే?"

పాఠం చెప్పే నోరు ఊరుకుంటుందా! "ఇవి శనిగ్రహం చందమామలమ్మా. మా బామ్మర్దే తెప్పించినాడు."

"శనా!" ఆమె సంచి వెనక్కి లాక్కుంది. "కూతురి సీమంతానికి శనిని ఎంటబెట్టుకోని పొమ్మంటావా?"

వెనక నిలబడ్డ ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు. బామ్మర్ది గల్లాపెట్టె వదిలి పరుగెత్తుకొచ్చాడు.

"లేదమ్మా! సందమామా లేదు, ఏమీ లేదు. వట్టి కజ్జికాయ! మా అక్క మీద ఒట్టు!"

"వెనకాలోళ్లకు వినపళ్లేదు, గట్టిగా చెప్పబ్బా," అంటూ ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి వాడి నోటి దగ్గర పెట్టాను.

"కజ్జికాయే బావా! నువ్వు చెప్పిందే నిజం! కజ్జికాయే!"

పిండి చేత్తోనే ఆ రికార్డింగును కుటుంబం గ్రూపులో పెట్టాను.