నిప్పు ఉత్తరానా, దక్షిణానా

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. దిక్కుల పిచ్చి మా నాన్న ఒక్కడికే ఉందని, కాకినాడ దాటితే దాని బెడద ఉండదని. నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలని ఆయన మా వంటింటి స్టవ్వును ఆ మూల కిటికీ కిందకి జరిపించాడు. గాలికి మంట ఊరికే ఆరిపోతుంటే అమ్మ ఒక చేత్తో అట్లకాడ, ఇంకో చేత్తో అట్టముక్క అడ్డం పెట్టుకుని దోసెలు పోసేది. ఇలాంటి గోల లేని దేశానికి పోతానని ప్రకటించి మరీ న్యూజిలాండ్ వచ్చాను. చదువైపోయాక డునెడిన్‌లో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. వయసు మళ్లిన ఒక జంట ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. చేరిన వారానికే ఇంటి ఆంటీ, శనివారం పెరట్లో పూజ ఉందనీ, నిప్పు ఏ దిక్కున పెట్టాలో ఇంకా తేలలేదనీ చెప్పింది. (నాన్న నాకంటే ముందే ఫ్లైట్ దిగాడేమో అనిపించింది.)

వాళ్లు పేగన్లు. చర్చికి వెళ్లరు. ఋతువు మారినప్పుడల్లా స్నేహితులతో కలిసి పెరట్లో వలయంగా నిలబడి, నాలుగు దిక్కులనూ పేరుపేరునా పిలిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తూర్పున గాలి, పడమర నీరు. అక్కడివరకూ పేచీ లేదు. మిగిలిన నిప్పూ నేలా దగ్గరే తంటా అంతా. అంకుల్ పుట్టింది ఇంగ్లండ్‌లో. అక్కడ ఎండ దక్షిణం వైపు నుంచి వస్తుంది కాబట్టి నిప్పు దక్షిణాన అని వాళ్ల పుస్తకాల్లో ఉంది, ఆయనా అదే పట్టుకు కూర్చున్నారు. ఆంటీ డునెడిన్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. మనకి ఎండ వచ్చేది ఉత్తరం నుంచి, దక్షిణాన ఉన్నవి మంచుగడ్డలు, అక్కడ నిప్పు ఎలా పెడతావని ఆవిడ వాదన. వలయం చుట్టూ సూర్యుడు నడిచే వైపే తిరగాలట, అందులోనూ అంతే, ఆయన గడియారం ముల్లులా, ఆవిడ దానికి ఎదురుగా. చివరికి ఒక పండక్కి ఆయన పద్ధతి, మరో పండక్కి ఆవిడ పద్ధతి అని రాజీకి వచ్చారు. ఒకసారి ఎవరి వంతో గుర్తులేక సగం మంది ఇటూ, సగం మంది అటూ తిరిగి, బట్టల తీగ దగ్గర ఢీకొన్నారు. నేను నవ్వాపుకోలేక ఇంట్లోకి పారిపోయాను. ఆంటీ పళ్లాలు కడుగుతూ, అంకుల్ వాటిని తుడుస్తూ రోజూ ఇదే వాదించుకునేవారు. ఆ చప్పుడు లేకపోతే నాకూ అన్నం సయించేది కాదు.

ఆ చలికాలం అంకుల్ పోయారు. ఒక ఉదయం టీ పెట్టుకుంటూ అలాగే కూలిపోయారు. దహనమయ్యాక ఆయన బూడిదను పెరట్లో ఆపిల్ చెట్టు కింద మట్టిలో కలపడానికి ఆ స్నేహితులే మళ్లీ వచ్చారు, నన్నూ వలయంలో నిలబెట్టారు. ఆంటీ నిప్పు కొవ్వొత్తిని ఉత్తరాన పెట్టింది. అందరూ సరేనన్నారు. గడియారానికి ఎదురుగా తిరుగుదామంది. దానికీ సరేనన్నారు. ఆవిడ అగ్గిపుల్ల చేత్తో పట్టుకుని, గీయకుండా అలా నిలబడిపోయింది.

"ఎవరైనా ఏదో ఒకటి అనండి" అంది.

నీ ఇష్టం ఎలా ఉంటే అలాగే, అన్నారు పాపం వాళ్లు. ఆంటీ ముఖం ఇంకా పాలిపోయింది. అన్నేళ్ల వాదనలో ఆవిడ గెలిచింది, ఇక కాదనేవాళ్లు లేరు. ఆ క్షణంలో నా నోటి వెంట మా నాన్న మాట్లాడాడు.

"అది తప్పు ఆంటీ. నిప్పు ఆగ్నేయంలో ఉండాలి."

అందరూ నా వైపు చూశారు. చావు దగ్గర ఇదేం పిల్ల అన్నట్టు ఒకాయన దగ్గాడు. ఆంటీ మాత్రం తల ఎత్తింది.

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"మీ నాన్న ఎప్పుడైనా ఈ దేశపు ఎండ చూశాడా?"

"దేశం మారితే ఆగ్నేయం మారదాంటీ."

ఇక మొదలుపెట్టింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, నోరు మాత్రం ఆగడం లేదు. సూర్యుడంది, మంచుగడ్డలంది, పుస్తకాలు రాసినవాళ్లు డునెడిన్ ముఖం చూశారా అంది. నేను అట్టముక్కతో అమ్మ పడ్డ పాట్లు దాచేసి, ఆగ్నేయం వల్ల మా ఇంటికి కలిగిన లాభాలన్నీ కల్పించి చెప్పాను. వాదించీ వాదించీ, చివరికి ఆవిడే ఉత్తరాన కొవ్వొత్తి వెలిగించి, "ఆయనా ఇంతే మొండి" అని వలవలా ఏడ్చింది. బూడిద కలిపాం.

తర్వాత నాకు పెళ్లయి ఆక్లాండ్‌లో హెండర్సన్‌కి మారిపోయాను. ఆదివారం ఫోన్ మోగితే హలో కూడా ఉండేది కాదు, ఆంటీ నేరుగా నిప్పు దగ్గర మొదలుపెట్టేది. నా దగ్గర సరుకు అయిపోయినప్పుడల్లా నాన్నకి ఫోన్ చేసి కొత్త పాయింట్లు అడిగేదాన్ని. (అమ్మాయి దారిలో పడిందని ఆయన చుట్టాలందరికీ చెప్పుకున్నాడట.)

ఇప్పుడు ఆంటీ వృద్ధుల హోమ్‌లో ఉంది. ఫోన్లు నేనే చేస్తున్నాను. మొన్న ఎప్పటిలాగే, నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలని కవ్వించాను.

"నువ్వు చెప్పిందే సరి అయ్యుంటుంది డియర్" అంది మెల్లగా.

కాదాంటీ, మీదే కరెక్టు, ఎండ ఉత్తరం నుంచే కదా వస్తుందని నేను ఆవిడ పక్షాన వాదించడం మొదలుపెట్టాను. దానికీ అలాగేలే అంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. నాన్న మీద ఒక్క వాదనైనా గెలవాలని పళ్లు నూరుకుంటూ విమానమెక్కిన ఆ కాకినాడ పిల్ల గుర్తొచ్చి, ఏడుపులోనే నవ్వొచ్చింది. గెలిస్తే ఇలా ఉంటుందని దానికి అప్పుడేం తెలుసు, పాపం.