ఇడ్లీ రేకులో అంబాసిడర్

మా వంటింట్లో ఇడ్లీ పాత్రకు పైన ఉన్న గూట్లో ఒక పాత రేకు ఉంటుంది. దాంట్లో పిండి పోసి ఏళ్లయింది. ఆదివారం పొద్దున పాత్రలోంచి ఆవిరి లేచి ఆ గూటికి తగలగానే ఉడికిన పిండి వాసనతో పాటు సన్నగా కిరసనాయిలు వాసన వస్తుంది. ఎన్నిసార్లు తోమినా అది పోలేదు. గ్యాస్ లీకవుతోందేమోనని మా ఆయన సిలిండరు దగ్గరికి పరుగెడతాడు. నిజానికి మా ఇంట్లో కంగారుపడే పని నాది. పాప రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ము కోసం ఊపిరి బిగబట్టి కూర్చునే మనిషిని. ఆ ఒక్క వాసనకు మాత్రం నాకు నవ్వు వస్తుంది. అది మా పెదనాన్న వాసన.

నాన్నకు తరచూ బదిలీలు అవుతుండేవి. అందుకని ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ అయ్యేదాకా నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పెదనాన్న, పెద్దమ్మల దగ్గరే పెరిగాను. వాళ్లది తెనాలి వైపు. పెదనాన్న చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవారు. వారంలో ఆరు రోజులు ఆయన చొక్కా నిండా సుద్దపొడి, ఏడో రోజు గ్రీజు. అద్దె ఇంటి పక్కనున్న షెడ్డులో ఒక పాత అంబాసిడర్ ఉండేది. ఎవరో తుక్కుకు వేయబోతుంటే తెచ్చుకున్నారు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది, ముందు సీటు సోఫాలా ఇటు నుంచి అటు దాకా ఒకటే. నేను వెళ్లిన కొత్తలో దాని వెనక సీట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది. అవి కళ్లు తెరిచి, నడిచి, గోడ దూకి వెళ్లిపోయేదాకా పెదనాన్న ఆ కారు మీద చెయ్యి వేయలేదు.

పని మొదలయ్యాక పెద్దమ్మ ఇడ్లీ రేకులు మాయమయ్యాయి. స్టాండుకు నాలుగు రేకులు, రేకుకు నాలుగు గుంటలు. ఊడదీసిన నట్లు, బోల్టులు, వాషర్లు కిరసనాయిల్లో కడిగి, తీసిన వరుసలోనే ఒక్కో గుంటలో పెట్టేవారు పెదనాన్న. గుంటలకు చిల్లులు ఉంటాయి కాబట్టి నూనె కిందికి కారిపోయి సామాను దానంతటదే ఆరిపోతుంది. ఇంతకంటే మంచి పనిముట్టు లోకంలో లేదని ఆయన వాదన. రేపు పొద్దున చుట్టాలొస్తున్నారు, ఇడ్లీలు మీ ఇంజన్లో పెట్టి ఉడికించమంటారా అని పెద్దమ్మ అడిగింది. ఉప్మా చెయ్యమన్నారాయన. ఆ ఏడాది మా ఇంటికి ఎవరొచ్చినా ఉప్మానే. చివరికి పెద్దమ్మే ఓడిపోయి కొత్త స్టాండు కొనుక్కుంది.

రేకులకు కాపలా నాది. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు నా ధ్యాస రేకుల మీద లేదు. కార్బురేటర్ విప్పి సర్దిన రేకును పక్కకు జరపబోయి కింద పడేశాను. ఆవగింజంత స్క్రూలు షెడ్డంతా చిందాయి. నేను ఏడుపు అందుకున్నాను. పెదనాన్న కళ్లజోడు సర్దుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"పడ్డవి ఎక్కడికీ పోలేదమ్మడూ, ఇక్కడే ఉన్నాయి. ఒక్కోటీ తియ్యి. నువ్వేం పని చేస్తావే అని దాన్నే అడుగు."

సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాం. అన్నీ దొరికాయి. మధ్యలో పక్కింటివాళ్లు వచ్చి నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యానని చెప్పి వెళ్లారు. అప్పటికి ఇంకా రెండు వాషర్లు దొరకాలి, అందుకని ఆ కబురు మా ఇద్దరికీ సరిగా ఎక్కలేదు.

పదకొండేళ్లకు కారు పూర్తయింది. పాలమీగడ రంగు. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది, ఆ షికారుకని వచ్చిన నేను వెనక. కొత్తపేట దాటి ఎల్‌బీ నగర్ చౌరస్తా మధ్యకు రాగానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెదనాన్న బానెట్ ఎత్తి ప్రతి తీగా ముట్టుకుని చూశారు. పదకొండేళ్లలో ప్రతి స్క్రూనీ లెక్కపెట్టిన ఆయన, ఇంజను పరీక్షించడానికి పోసిన అరలీటరు పెట్రోలుతోనే మమ్మల్ని ఊరేగింపుకు తీసుకొచ్చారు. విజయవాడ బస్సుల కోసం నిలబడ్డవాళ్లు సంచులు కింద పెట్టి వచ్చి కారును పక్కకు నెట్టారు. పెద్దమ్మ మాత్రం సీట్లోంచి దిగలేదు. ఇన్నేళ్లకు ఎక్కాను, నెట్టినా సరే ఇది నా షికారే అంది.

నిరుడు వానాకాలంలో పెదనాన్న పోయారు. నాలుగు నెలల తర్వాత, ఇంటి ఓనరు స్థలాన్ని బిల్డరుకు ఇచ్చేశానని, నెలాఖరుకు ఖాళీ చెయ్యమని చెప్పారు. పెద్దమ్మ ఎల్‌బీ నగర్లో మా ఫ్లాట్‌కు రావడానికి సంతోషంగా ఒప్పుకుంది. మాకున్నది ఒకే పార్కింగు, అందులో మా కారు ఉంది. అంబాసిడర్‌కు మనిషిని వెతికే పని నా మీద పడింది.

ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. చాలామంది ఫోన్లు చేశారు, కొద్దిమంది వచ్చారు. హైవే మీద హోటలు పెడుతున్న ఒకాయన అడిగినదానికంటే ఎక్కువే ఇస్తానన్నాడు. కారును నిలువునా కోసి సగం గోడకు బిగిస్తాడట, జనం పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటారట. మంచి మనిషే, ఉత్సాహంగా చెప్పాడు. ఇక తొమ్మిది రోజులే ఉన్నాయి. ఎదుటివాళ్లకు కాదని చెప్పడమంటే నాకు చలిజ్వరం. ఫోన్లో సరే అనేశాను. రోజూ పొద్దున్నే కారు అద్దాలు తుడిచే పెద్దమ్మ, మర్నాడు తుడవలేదు.

ఆ ఆదివారమే తుర్కయంజాల్ నుంచి సాల్మన్ అనే ఆయన భార్యతో వచ్చాడు. బడి బస్సు నడుపుతాడు. చూడాలని వచ్చినవాళ్లను గుమ్మంలోంచి ఎలా పంపేస్తాం? బండి స్టార్ట్ కాలేదు. నాలుగు నెలలు నిలవున్న పెట్రోలు గదా, జర ఇప్పి సూస్త అని అడిగి, బానెట్ ఎత్తి కార్బురేటర్ మీదికి వంగాడు. ఎంతకూ తల ఎత్తడు. భార్య గోడకు ఆనుకుని నిలబడి మా వైపు చూసింది.

"నన్ను సూడనీకి ఒచ్చినప్పుడు గూడ గింతసేపు సూడలేదమ్మా ఈయన."

"నువ్వే నయం తల్లీ. మా ఆయన పెళ్లిచూపులకొచ్చి మా నాన్న స్కూటర్ చూసి వెళ్లాడు" అంది పెద్దమ్మ.

అంతలో సాల్మన్ మొదటి స్క్రూ తీసి దాన్ని ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి మడ్‌గార్డు మీద పరిచి, ఒక చివర పెట్టాడు. రెండోది దాని పక్కన. మూడోది దాని పక్కన. పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్లి, అట్టపెట్టెల్లో ఎక్కడో సర్దేసిన పాత స్టాండును వెతికి తెచ్చింది.

"దీంట్లో పెట్టు నాయనా. చిల్లులున్నాయి, ఆరిపోతాయి."

సాల్మన్ రేకును వెలుతురుకు పట్టి చిల్లుల్లోంచి చూశాడు. "గిదేదో మస్తున్నదమ్మా" అన్నాడు. కాసేపటికి బండి దగ్గి, పొగ వదిలి, మోగింది. పెద్దమ్మ కొంగుతో ముందు అద్దం తుడిచింది. ఈ కారును ఏం చేస్తారని నేను అడిగాను. ఏడుగురమున్నం మేడమ్, ఆదివారం చర్చికి అందరం ఒక్క బండిల పోవాలె, ముందట సీట్లనే ముగ్గురం పడ్తం అన్నాడు.

ఇక హోటలాయనకు ఫోన్ చెయ్యాలి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలి. ఒక ఖాళీ రేకు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి గుంటలో నమస్కారం. రెండో దాంట్లో క్షమించమనడం. మూడో దాంట్లో ఇవ్వలేమన్న మాట. నాలుగో దాంట్లో ఎందుకో. ఆ వరుసలోనే చెప్పాను. ఆయన, సరే మేడమ్, ఎక్కడైనా సగం కారుంటే చెప్పండి, నాకెలాగూ సగమే కావాలి అని నవ్వాడు. ఇంత చిన్న పనికా రెండు రోజులు నిద్ర పోగొట్టుకున్నాను అనిపించింది.

ఇల్లు మారే రోజున సాల్మన్ దంపతులు కారు తీసుకెళ్లడానికి వచ్చి, దారేగదా అని పెద్దమ్మను కూడా ఎక్కించుకున్నారు. ముందు సీట్లో ఆ ముగ్గురు, వెనక పాపా నేనూ, మా ఒళ్లో దేవుడి పటాలు. ఎల్‌బీ నగర్ చౌరస్తా సిగ్నల్ దగ్గర కారు నెమ్మదించగానే పెద్దమ్మ వంగి మీటర్ల వైపు చూసింది.

"పెట్రోలు పోయించావా నాయనా?"

"ఫుల్ టాంకున్నదమ్మా."

పెద్దమ్మ కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. సంగతి తెలియని సాల్మన్ కూడా నవ్వాడు. మా ఇంటి ముందు దిగాక పెద్దమ్మ స్టాండు ఆయన చేతికిచ్చింది. అప్పుడు, ఒక రేకు నాకు కావాలన్నాను. నేను అంత గట్టిగా ఏదైనా అడగడం అదే మొదటిసారి అని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. మిగతా మూడు రేకులు కారుతో పాటు సాగర్ రోడ్డు పట్టి తుర్కయంజాల్ వెళ్లాయి.

పాపకు జ్వరం వస్తే నాకు ఇప్పటికీ కంగారే. రేకు దించి గట్టు మీద పెట్టుకుంటాను. ఇప్పుడు చెయ్యాల్సింది ఏది, తర్వాతిది ఏది అనుకుంటూ ఒక్కో గుంటనూ వేలితో తడుముతాను. భయం పోదు గానీ వరుసలో నిలబడుతుంది.

మొన్న పాప గూట్లోంచి దాన్ని దింపించుకుంది. కాసేపటికి చూస్తే తన బొమ్మ కారు చక్రాలు పీకి, ఒక్కో గుంటలో ఒక్కోటి పెడుతోంది. నోట్లో పెట్టుకుంటుందేమోనని పరుగెత్తబోయాను. నాలుగు చక్రాలు, నాలుగు గుంటలు. వెళ్లి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మొదట తీసింది ఏదో చూపించమన్నాను. చూపించింది. బిగించడం మొదలుపెట్టాం.