వాగు పక్షాన మా పక్కింటి అంకుల్

పక్కింటి అంకుల్ పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను వాట్‌ఫర్డ్‌లో ఆఫీసులో ఉన్నాను. న్యుమోనియా అని ఆసుపత్రిలో చేర్చి వారం కూడా కాలేదు. "పొద్దున టీ తాగారంట అక్కా. మళ్లీ పడుకున్నారంట. అంతే," అంది. "వాన బాగా పడుతోంది, మెల్లగా డ్రైవ్ చెయ్యి" అన్నాను. ఆయన చావు కబురు విని నేనన్న మొదటి మాట వాన గురించే. ఆయనకైతే అందులో వింతేమీ కనిపించేది కాదు.

ఈ ఇంగ్లండ్ దేశంలో వాన గురించి అందరూ మాట్లాడతారు, తిట్టుకోవడానికి. మెచ్చుకోవడానికి మాట్లాడే మనిషిని నేను ఒక్కరినే చూశాను. అంకుల్‌ది అనంతపురం జిల్లా. హేస్‌లో ఒక గోడౌన్‌లో షిఫ్టులు చేసి రిటైరై, ఆంటీ పోయాక ఒక్కరే ఉండేవారు. చినుకు పడితే మా వీధంతా లోపలికి పరిగెత్తేది, ఆయన బయటికి వచ్చేవారు. "వాన పడినంతసేపు నేను ఈ ఊరోణ్ణేమ్మా. నిలిచిపోయిందంటే మళ్లీ మా ఊరు గుర్తొస్తాది," అనేవారు.

షవర్‌లో వేడినీళ్లు వచ్చేదాకా కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లు గులాబీలకు పోసేవారు. గ్యాస్ మీటర్ చూడటానికి వచ్చినవాడికైనా సరే, ముందు మంచినీళ్లు ఇచ్చి తర్వాత పనేమిటని అడిగేవారు. పాపం, వద్దంటే ఈయన ఏమనుకుంటారోనని వాళ్లు దాహం లేకపోయినా తాగేవారు. మర్యాదకు ప్రాణం పెట్టే మనిషి. ఆ మర్యాద ఒకసారి మా కొంప ముంచబోయింది.

మా ఇళ్ల వెనక పెద్ద పచ్చిక బయలు ఉంది. అక్కడిది సుద్దనేల. పైనున్న వాలు మీద పడ్డ వానంతా ఆ బయల్లోకి దిగి, భూమిలోకి ఇంకి, కింది చివర ఊటలుగా పైకొచ్చి చిన్న వాగవుతుంది. వేసవిలో చూస్తే అక్కడ నీళ్లున్నాయని ఎవరూ అనుకోరు, గుర్రాలు మేసే మామూలు గడ్డి. అక్కడ ఇళ్లు కడతామని ఒక బిల్డర్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాడు. వాగు ఎండిపోతుందనీ, పోవడానికి చోటు లేని నీళ్లు వీధిలోకి వస్తాయనీ మా వాళ్లు కంగారుపడ్డారు. వీధి చివర ఇంటి రిటైర్డ్ టీచరమ్మ అందరినీ కూడగట్టింది. ఇంగ్లీషావిడ, గట్టి మనిషి. ఆవిడ తలుపు తట్టిన రోజు అంకుల్ మంచినీళ్లు ఇచ్చి, మాట పూర్తి కాకముందే ఇళ్లు వద్దనే అర్జీ మీద సంతకం పెట్టారు.

ఆ సంతకం ఖరీదు ఏమిటో ఆవిడకు తెలియదు. అంకుల్‌కు ఒక్కగానొక్క కూతురు. భర్తతో, చంటిపిల్లతో ఒక ఇరుకు ఫ్లాట్‌లో అద్దెకు ఉండేది. మా వీధిలో ఇల్లు కొనడం వాళ్ల తాహతుకు మించిన పని. ఆ బయల్లో కట్టబోయే ఇళ్లయితే అందుతాయి. నాన్న ఇంటి నుంచి చూస్తే కనపడేంత దూరంలో ఉండొచ్చని, బిల్డర్ ఇచ్చిన బ్రోషర్‌లో వంటిల్లు మా వీధి వైపు తిరిగి ఉన్న ఒక ఇంటి మీద ఆ అమ్మాయి పెన్నుతో గుండ్రంగా గీసి పెట్టుకుంది.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను, ఇబ్బందిగా.

"నాన్నా, మీరు ఎవరి సైడు? చెప్పండి."

"నీ పక్కనేమ్మా. కానీ నీళ్ల మింద ఇల్లు కట్టుకోమని నేనెట్లా చెప్తా?"

"నీళ్లెక్కడున్నాయి? ఇట్స్ జస్ట్ ఎ ఫీల్డ్, నాన్నా."

"వానలో ఒకతూరి రా, చూపిస్తా. రొంత సేపే."

"నేనెందుకు రావాలి? మీరు ఆల్రెడీ డిసైడ్ అయ్యారు."

ఆ అమ్మాయి వెళ్లాక ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. "దగ్గరుంటే బాగుంటుందని నాకు మాత్రం ఉండదా?" అన్నారు. నాకు ఆయన మీద జాలి వేసింది, కోపమూ వచ్చింది. పిల్ల ఎదుటే ఆ మాట అనుంటే సరిపోయేది కదా అనిపించింది.

ప్లానింగ్ కమిటీ మీటింగ్‌లో మా తరఫున ఇద్దరికి మాట్లాడే అవకాశం వచ్చింది. తలా మూడు నిమిషాలు. టీచరమ్మ మొదట మాట్లాడింది. రెండోవారు అంకుల్. సూటు వేసుకుని, మైకు ముందు నిలబడి చేతులు జోడించారు. గౌరవనీయులైన అధ్యక్షులవారికి, వేదికను అలంకరించిన పెద్దలందరికీ, అధికారులకు, పాత్రికేయ మిత్రులకు, సోదర సోదరీమణులకు పేరుపేరునా నమస్కారం చెప్పుకున్నారు, ఇంగ్లీషులో, ఎవరినీ వదలకుండా. తనకంటే ముందు మాట్లాడిన టీచరమ్మ విద్వత్తును కొనియాడారు. ఇంతమంది ఘనుల ముందు మాట్లాడే అర్హత తనకు లేదని విన్నవించుకున్నారు. "ఇక అసలు విషయానికి వస్తే" అన్నారో లేదో, టైమైపోయిందని ఎర్రలైటు వెలిగింది. అధ్యక్షుడు మర్యాదగానే కూర్చోమన్నాడు. వెనక ఎవరో నవ్వారు. టీచరమ్మ ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

బయటికి వచ్చాక ఆయన సిగ్గుపడతారేమో, ఓదార్చాలేమో అనుకున్నాను. ఆయన మండిపడుతున్నారు. "ఏం మనుషులమ్మా వీళ్లు! పెద్దోళ్లకు దండం పెట్టకుండా మాట్లాడేదెట్లా? మా ఊళ్లో వార్డు మెంబరు కూడా ఇట్లా కూర్చోబెట్టడు."

అదృష్టం కొద్దీ కమిటీ ఆ రోజు ఏమీ తేల్చలేదు. చోటు చూసి చెబుతామన్నారు. ఆ చూడటానికి వచ్చే రోజున మాత్రం ఎవరూ సభ్యులతో మాట్లాడకూడదు, అది నియమం. ఈ మాట టీచరమ్మ అంకుల్‌కు విడిగా రెండుసార్లు చెప్పింది.

వాళ్లు శీతాకాలంలో, రెండు రోజుల ముసురు తర్వాత వచ్చారు. కాలిబాట మీద నిలబడి, ప్లాన్లు తెరిచి, చేయి చాపి ఇటు అటు చూపించుకుని, అక్కణ్ణుంచే వెళ్లిపోయేలా కనిపించారు. మేము కంచె ఇవతల నోరు మూసుకుని నిలబడ్డాం. అప్పుడు అంకుల్ ట్రేలో మంచినీళ్ల గ్లాసులతో వచ్చారు. దరఖాస్తుతో సంబంధమున్న వాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని ఒక ఆఫీసరు చెప్పాడు. నీళ్లు కూడానా అన్నట్టు అంకుల్ అతని వైపు చూసి, ట్రే నా చేతిలో పెట్టి, వెళ్లి బయలు గేటు తీశారు. పెళ్లివారిని విడిదిలోకి పిలుస్తున్నట్టు వంగి, రెండు చేతులూ చాపి, "ప్లీజ్, ప్లీజ్ కమ్" అంటూ ముందు నడిచారు. ఆఫీసరు మాట్లాడకూడదని గుర్తు చేశాడు. "నేను మాట్లాడలేదండీ, లోపలికి రమ్మన్నాను, అంతే," అన్నారు అంకుల్.

అంత వయసు మనిషి గేటు పట్టుకుని పిలుస్తుంటే వెళ్లకపోవడం ఇంగ్లీషు వాళ్ల వల్ల కూడా కాలేదు. అధ్యక్షుడు వెళ్లాడు. అతని వెనకే మిగతావాళ్లూ. పది బారలు వెళ్లేసరికి గడ్డి కింద నీళ్లు. ఇంకొంచెం వెళ్లేసరికి అధ్యక్షుడి నల్ల బూట్లు కనపడలేదు. అంకుల్ మాత్రం "ప్లీజ్, ప్లీజ్" అంటూ వాగు దాకా తీసుకెళ్లి, ఊటలు చూపించి, ఒక్క మాట అనకుండా నమస్కారం పెట్టి పంపించారు. అనుమతి రాలేదు. బిల్డర్ కొంతకాలం గొణిగి, ఇంకో ఊరు చూసుకున్నాడు.

వీధి వాళ్లు సంబరం చేసుకున్నారు. అంకుల్ ఒక ముక్క కేకు తిని ఇంటికి వెళ్లిపోయారు. ఆ ఏడాదే కూతురు వాళ్లు నార్తాంప్టన్‌లో ఇల్లు కొనుక్కున్నారు. మాటలు మానుకోలేదు, ఫోన్లు ఉండేవి, బొబ్బట్లు, ఆయన మాటలో ఓళిగలు, చేసుకుని ఆయన రైల్లో వెళ్లి వచ్చేవారు. కానీ వాళ్ల మధ్య ఆ బయలు అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి ఎప్పుడొచ్చినా ముందుగదిలోనే కూర్చుని వెళ్లేది, వెనక తోటలోకి అడుగు పెట్టేది కాదు. వీధిలో అందరం గెలిచాం, ఓడింది ఆయనొక్కరే అని నాకు అప్పుడప్పుడు అనిపించేది. ఆయనతో ఎప్పుడూ అనలేదు.

దహనం అయిన మర్నాడు కూడా వాన తెరపి ఇవ్వలేదు. ఇల్లు సర్దడానికి వచ్చిన కూతురు మధ్యాహ్నం మా తలుపు తట్టి, "అక్కా, మీ వెల్లింగ్టన్ బూట్లు ఇస్తారా?" అంది. వానకు వేసుకునే ఆ రబ్బరు బూట్లు ఎందుకని నేను అడగలేదు. నేనూ గొడుగు తీసుకుని వెనకే వెళ్లాను.

గేటు దాటి, తల తిప్పి నాన్న ఇంటి కిటికీలు చూసుకుంటూ, కొలత వేసుకుంటున్నట్టు నడిచింది. ఒకచోట ఆగింది. నీళ్లు బూట్ల అంచు దాకా ఉన్నాయి.

"ఇక్కడే అక్కా, మా కిచెన్," అంది.

నేను గొడుగు పట్టబోతే వద్దంది. వానలో అలాగే నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయింది. నీళ్లు ఆమె కాళ్లను చుట్టుకుని, గడ్డిని ఒక పక్కకు వంచుతూ, తొందరేమీ లేకుండా వాగు వైపు వెళుతున్నాయి.