తీగల ఎత్తు

మేస్త్రికి చెవులున్నది కళ్లజోడు తగిలించుకోవడానికే అని ఆయన బావమరిది నలుగురిలో అనేవాడు. మేస్త్రి కూడా నవ్వేసేవాడు, ఎందుకంటే అది నిజం. నలభై ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న మనిషి. మిషన్ ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ వదులైందో వేలితో తాకి చెప్పేస్తాడు. పాట విషయానికొస్తే మాత్రం అన్నీ ఒకటే, మొదలైందా అయిపోయిందా అన్నదే తేడా. అలాంటివాడికి పాటల టీచరు భార్యగా దొరకడం ఇద్దరిలో ఎవరి అదృష్టమో ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

దొరికిన సంగతి కూడా చెప్పుకోవాల్సిందే. అప్పుడాయనకు ఇరవై ఆరేళ్లు. ఒక ఇంట్లో మిషన్ దారం తెంపేస్తోందని కబురొస్తే వెళ్లాడు. పక్కగదిలో ఆ ఇంటి పెద్దమ్మాయి గిటారు శ్రుతి చేసుకుంటోంది. శ్రుతి సంగతి ఆయనకేం తెలుసు? తీగ బిగించే మర కిర్రుమంటోందని మాత్రం తెలిసింది. అమ్మాయి ఏదో పనిమీద లోపలికి వెళ్లగానే మనవాడు నూనెడబ్బా పట్టుకెళ్లి, ఆరు మరలకూ ధారాళంగా నూనె పోసి, ఏమీ ఎరగనట్టు వచ్చి మిషన్ ముందు కూర్చున్నాడు. గొప్ప ఉపకారం చేశాననుకున్నాడు. ఆ నూనె మరల సందుల్లోంచి కారి, చెక్కలోకి ఇంకి, గిటారు తలమీద ఇంత మరక వేసింది. ఆ అమ్మాయి మొదటి జీతంతో కొనుక్కున్న గిటారు అది.

"దీన్ని ముట్టుకోమని మీకెవరు చెప్పారండీ?"

"అరుస్తోంది కదండీ, నూనె లేక."

"ఇది మిషన్ కాదండీ!"

"మర ఉంది కదండీ మరి."

అంత కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. మొహం పక్కకి తిప్పుకుంది గానీ మేస్త్రి చూడనే చూశాడు. మరక తీస్తానని ఆ ఆదివారం వచ్చాడు. పై ఆదివారమూ వచ్చాడు. సుద్దపొడి అద్దాడు, పీల్చే కాగితం పెట్టాడు, ఇంకేవేవో చేశాడు. ఆరో ఆదివారానికి మరక సంగతి ఇద్దరూ మర్చిపోయారు. ఏడాది తిరక్కుండా పెళ్లయింది.

చేసిన పాపం కడుక్కోవడానికో ఏమో, ఆ గిటారు బాగోగులన్నీ మేస్త్రే నెత్తిన వేసుకున్నాడు. ఏటా బడికి సెలవులిచ్చిన వారంలో బల్లమీద దుప్పటి పరిచి దాన్ని పడుకోబెట్టేవాడు. తీగలు విప్పి, గిటారు మెడమీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల సందుల్లో చేరిన మురికి పాత పళ్లబ్రష్‌తో తీసి, టార్చి వేసి కడుపులోకి తొంగిచూసేవాడు. ఒకసారి లోపలి బద్ద ఒకటి ఊడితే జిగురు పట్టుకుని చెయ్యి దూర్చాడు. చెయ్యి లోపలికి వెళ్లింది గానీ బయటికి రానంది. బావమరిది పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతూ సబ్బునీళ్లు తెచ్చేదాకా మేస్త్రి గిటారు తొడుక్కుని నిలబడ్డాడు. శ్రుతి వినలేనివాడు కాబట్టి అన్నీ కొలిచేవాడు. కుట్టుమిషన్లో సందులు చూసే పల్చటి ఉక్కురేకులు తీగల కింద దూర్చి, ఏ తీగ మెట్టుకు ఎంత ఎత్తున ఉందో నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఆ సాయంత్రం టీచరమ్మ వాయిస్తే ఎదురుగా కూర్చుని ఆమె మొహం చూసేవాడు. బాగుపడిందో లేదో అక్కడే తెలిసేది.

అలా మొహం చూసే అలవాటువల్లే పదకొండేళ్ల కిందట ఆ సంగతి ఆయన కంటపడింది. కొన్ని పాటలకు చూపుడువేలు ఆరు తీగలమీదా అడ్డంగా పరిచి నొక్కాలి. ఆ పట్టు వచ్చే చోట టీచరమ్మ కనుబొమలు ముడిపడుతున్నాయి. పాట అయ్యాక ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని వేళ్లు విదిలించుకుంటోంది. ఇంకొన్నాళ్లకు ఆ పాటలే మానేసింది. పిల్లలకు కొత్తవి కావాలట!

మేస్త్రి అడగలేదు. అడిగితే "ఏం లేదు" అంటుంది. ఆ "ఏం లేదు" అన్నాక ఇక చేయడానికీ ఏమీ ఉండదు. అందుకని ఆ ఏడు సెలవుల్లో, తీగలు ఆనుకుని ఉండే చిన్న ఎముకబద్దను గాడిలోంచి తీసి, దాని అడుగును గరుకు కాగితంమీద కొంచెం రుద్దాడు. బద్ద కిందికి దిగితే తీగలూ కిందికి దిగుతాయి, వేలికి నొక్కే శ్రమ తగ్గుతుంది. అంతే కిటుకు.

"ఏం చేశారండీ ఈసారి? నా వేళ్లకి మళ్లీ పాతికేళ్లొచ్చాయి!"

"ఏం చేస్తాను, దుమ్ము దులిపాను."

ఆ పాటలు మళ్లీ ఇంట్లోకి వచ్చాయి. మేస్త్రి సంబరపడి పై ఏడు ఇంకొంచెం రుద్దాడు. మూడో ఏడు లావుతీగలు తీసేసి సన్నవి వేశాడు. కొన్న కవరు చించి అవతల పారేసి, పాత లావుతీగల కవరునే గిటారు పెట్టెలో ఉంచాడు. టీచరమ్మ చెయ్యి గట్టిపడలేదు, గిటారే ఏటేటా ఆమెకు లొంగుతూ వచ్చింది. లావు తగ్గితే, ఎత్తు తగ్గితే గొంతూ తగ్గుతుంది. మేస్త్రికి ఆ తేడా తెలియదు, టీచరమ్మకు తెలియకపోతుందా?

"దీని గొంతు సన్నబడిపోతోందండీ. నాకంటే ముందు దీనికి వయసొచ్చింది, పాపం," అనేది, దాని వీపు నిమురుతూ. మేస్త్రి నవ్వేవాడు. లోపల మాత్రం ఏదో గుచ్చుకునేది.

ఉద్యోగం అయిపోయాక కూడా ఆమె ప్రతి శుక్రవారం బడికి వెళ్లి చిన్నపిల్లల చేత పాడించేది. వారమంతా ఆ ఒక్క పూట కోసమే బతుకుతోందని బావమరిది అనేవాడు. అందులో అబద్ధం లేదు.

ఈ ఏడు సెలవులకు నెల ముందు మేస్త్రికి కంటి ఆపరేషన్ అయింది. నెలరోజులు దుమ్ములో పని పెట్టుకోవద్దు, వంగొద్దు అన్నాడు డాక్టరు. మేస్త్రి కంటికి పట్టీతో పడక్కుర్చీకి అంటుకుపోయాడు. అటు చూస్తే గిటారు తీగలు మెట్లకు తగిలి జిర్రుమంటున్నాయి. రుద్ది రుద్ది ఎముకబద్ద గాడిలోకి దిగిపోయే దాకా వచ్చింది మరి. ఆ జిర్రు మేస్త్రికి తేడాగా తోచలేదు, టీచరమ్మ ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే తమ్ముడిని పిలిచింది. ఊరికి ఆ చివర గిటార్లు చేసేవాళ్ల దుకాణం ఉందని అతనే చెప్పాడు.

"తీగలు కూడా మార్పించనా అక్కా? ఏవి?"

"పెట్టెలో కవరుందిగా. ఎప్పుడూ అవే."

గురువారం పొద్దున గిటారు తిరిగొచ్చింది. దుకాణంవాళ్ల తప్పేమీ లేదు, ఆ మాట చెప్పి తీరాలి. అరిగిన బద్ద తీసేసి, ఉండాల్సిన ఎత్తుకి కొత్త ఎముకబద్ద చెక్కారు. కవరుమీద ఉన్న లావుతీగలే వేశారు. బావమరిది గిటారు ఒళ్లో పెట్టుకుని, ఏ తీగా నొక్కకుండా, బొటనవేలితో ఆరింటినీ ఒక్కసారి మీటాడు.

ఇల్లంతా నిండిపోయింది. టీచరమ్మ చేతిలోని తువ్వాలు నోటికడ్డం పెట్టుకుంది. దర్జీ దుకాణం పైన తాము కాపురం పెట్టిన ఒంటిగది, మిషన్ల చప్పుడు ఆగాక తెరిచిన కిటికీ, కింద రోడ్డుమీద నిలబడిపోయి పైకి చూసిన మనుషులు, అన్నీ ఆ ఒక్క మీటుతో ఇంట్లోకి వచ్చేశాయి.

"అదేరా! అదే దీని అసలు గొంతు. పోయిందనుకున్నాన్రా!"

మేస్త్రికి వినపడినదేమో ఒక చప్పుడే. కానీ కుర్చీ చేతిమీద పెట్టిన అరచేతికి చెక్క వణకడం తెలిసింది. ఎన్నేళ్లయిందో ఆ వణుకు చేతికి తగిలి! లావుతీగలు వేసేశారని ఆయనకు అర్థమైంది.

టీచరమ్మ గిటారు అందుకుని మొదటి పట్టు నొక్కింది. పలకలేదు, టప్పుమంది. వేళ్లు సర్దుకుని మళ్లీ నొక్కింది. రెండు తీగలు పలికి నాలుగు మూగపోయాయి. మూడోసారి చూపుడువేలు అడ్డంగా పరిచింది, ఈసారి ఒక్క తీగా పలకలేదు.  ఆమె తువ్వాలుతో గిటారు తుడిచి పెట్టెలో పెట్టింది. ఎడమచెయ్యి ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది.

"వారంరోజుల్లో ఇలా అయిపోయాయేంట్రా నా వేళ్లు? రేపు రానని బడికి చెప్పెయ్. ఇక రాననే చెప్పు."

తమ్ముడు బడికి చెప్పడానికి వెళ్లిపోయాడు.

మేస్త్రికి తప్పించుకునే దారి కళ్లముందే ఉంది, ఒక కంటితోనైనా కనపడుతూనే ఉంది. దుకాణంవాడు పాడుచేశాడు, నా కన్ను బాగుపడ్డాక సరిచేస్తాను అంటే చాలు. ఆమె నమ్ముతుంది, ఆయన చేతిని ఎప్పుడూ నమ్మింది. కానీ పాడుచేసింది ఎవరో ఆయన అరచేతికి ఇందాకే తెలిసిపోయింది. పైగా ఆమె ఇంకా ఆ చేతినే చూసుకుంటోంది.

"వారంరోజుల్లో కాలేదు," అన్నాడు. "పదకొండేళ్లయింది."

మొదటి ఏడాది నుంచి చెప్పుకొచ్చాడు. బద్ద, తీగలు, కవరు, ఏదీ దాచలేదు.  

"పదకొండేళ్లు దీన్ని చూసి జాలిపడ్డాను," అంది చివరికి. "దీనికి ముసలితనం వచ్చిందనుకుని. మీరు పక్కన కూర్చుని నవ్వారు."

"నవ్వలేదు."

"నవ్వారు. నాకు గుర్తుంది. ఒక్క మాట అడగొచ్చు కదా నన్ను?"

"అడిగితే ఏం లేదు అనేదానివి."

"అనేదాన్నే. మళ్లీ అడగాల్సింది."

 ఆమె వంటగదిలోకి వెళ్లింది. గిన్నెలు మామూలుకంటే గట్టిగా చప్పుడయ్యాయి. ఆ మాత్రం ఆయనకూ వినిపించింది. చాలాసేపటికి రెండు టీలు తెచ్చి, ఒకటి ఆయన పక్కన ఠపీమని పెట్టి, తనది తాగకుండానే గిటారు పెట్టె తెరిచింది. ఉత్త తీగలను బొటనవేలితో మీటి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా విన్నది. మళ్లీ మీటింది. మళ్లీ విన్నది. మేస్త్రి చెయ్యి కుర్చీమీద నుంచి తియ్యలేదు.

"ఈ గొంతు పోతుందా, ఎత్తు తగ్గిస్తే?"

"కొంచెం పోతుంది."

"రేపు పిల్లలు ఎదురుచూస్తారు," అంది. "వస్తున్నానని బడికి మళ్లీ కబురు పెడతాను. ఆ బద్దను ఎలా తియ్యాలో చెప్పండి. మీ కంట్లో దుమ్ము పడకూడదు, మీరు అక్కడే కూర్చోండి."

"సన్నతీగలు నా సామాన్ల పెట్టెలో ఉన్నాయి."

"వాటి సంగతి తర్వాత. ముందు ఈ లావువాటితో ఎంతవరకు వస్తుందో చూద్దాం."

ఆయన చెబుతుంటే తీగలు వదులు చేసి బద్దను బయటికి లాగింది. అద్దంపలకమీద గరుకు కాగితం పరిచి, కుడిచేత్తో రుద్దింది. నిటారుగా పట్టుకో, ఒరగనివ్వకు, పదిసార్లు రుద్ది ఆపు అని ఆయన కుర్చీలోంచి కాకిలా అరుస్తూనే ఉన్నాడు. అరవక్కర్లేదు, నాకు చెవులున్నాయి అని ఆమె అంటూనే ఉంది. పది రుద్దడం, బద్ద పెట్టడం, బిగించడం, నొక్కిచూడడం. మళ్లీ విప్పడం. నాలుగోసారికి నాలుగు తీగలు పలికాయి. ఆరోసారికి అయిదు. ఆమె కనుబొమలు ముడిపడి ఉండడం మేస్త్రి ఒంటికన్నుతోనే చూశాడు. పదకొండేళ్లుగా అడగని మాట అడిగాడు.

"నొప్పిగా ఉందా?"

"ఏం లేదు," అంది ఆమె.

"నొప్పిగా ఉందా?" అన్నాడు మళ్లీ.

టీచరమ్మ తలెత్తి ఆయనవైపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఉంది."

"ఎంత?"

ఆమె వేళ్లు ముడిచి, చాపి, ఆలోచించింది.

"ఇంకో పదిసార్లు రుద్దేంత."

"అయితే రుద్దు," అన్నాడు మేస్త్రి.